మేడమీద గదిలో కలూదా

చనిపోయినట్టే కదా, ఆటలో అంటున్నాను, అన్నాడు ఒగ్న్యాన్. ఫోను పెట్టేసినా ఆ మాట చెవిలోనే కూర్చుంది. వంటింట్లో నిలబడి ఉన్నాను, వేళ్ల నిండా గోధుమలు, ఉడికించి ఆరబెట్టి పంచదారా అక్రోటు పొడీ కలిపిన గోధుమలు, పొద్దున సమాధుల తోటలో పంచగా మిగిలినవి. ఇవాళ చనిపోయినవాళ్ల శనివారం. చెర్రీలు వచ్చే రోజుల్లో పడే శనివారం గనక ఆ పళ్లు కూడా పట్టుకెళ్లాను. నా భార్య నెవేనా పక్క సమాధి తాలూకు ముసలావిడ రెండు పళ్లు అందుకుని, దేవుడు ఆమెను క్షమించుగాక అని ఒకటి నోట్లో వేసుకుని, గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియక నాతో మాట్లాడినంతసేపూ బుగ్గలోనే పెట్టుకుంది. సమాధుల మధ్య ఉమ్మకూడదని ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. చాలాకాలానికి నాకు ఊపిరి కాస్త తేలికగా ఆడింది. ఒగ్న్యాన్‌కీ అలాంటి సున్నితత్వం లేదనను. పళ్ల డాక్టరు, చేతులు మెత్తన, రూసె పట్టణంలో సగంమంది దవడలు అతనికి తెలుసు. నొప్పి తెలియకుండా పీకుతాడని పేరు. ఇప్పుడూ అలాగే పీకాననుకున్నాడేమో.

"ఏం దేవుడా, కునుకు తీస్తున్నావా?" అని మొదలుపెట్టాడు. దేవుడంటే నేనే. బల్ల చుట్టూ కూర్చుంటాం, వాళ్లు తలా ఒక వీరుడి నోటితో మాట్లాడతారు, ఆ వీరులు నడిచే లోకమంతా, వానా వాగూ రాజూ దొంగా కుక్కా అన్నీ, నేను మాట్లాడతాను, ఎటూ తేలనప్పుడు పాచికలు తేలుస్తాయి. పాతికేళ్లు దాటిందేమో, ఒకే లోకం, ఒకే పెద్ద కథ, అందుకని ఆ పేరు. "లేదు, గోధుమలు తీస్తున్నా" అన్నాను. "ఇవాళ నువ్వేం పని పెట్టుకోకు. కథ నడిపేది నేను, హాయిగా కూర్చుని ఆడు. ఒక్క చిన్న సంగతి. మన కలూదా... చనిపోయినట్టే కదా? ఆటలో అంటున్నాను." వేళ్లకంటిన గోధుమలు గిన్నె అంచుకి తుడిచాను. "ఎందుకంటే నేను తెచ్చే కథ పుస్తకంలో ఒక సమాధి ఉంది. లోపల ఎవరో ఊరూపేరూ లేని మనిషి. విడి కథని పెద్ద కథలో అతికేటప్పుడు మనవాళ్లకి కావలసిన పేరు ఒకటి తగిలించాలని నువ్వే కదయ్యా నేర్పావు. కలూదా పేరు పెట్టాను. నెవేనాకి మనందరి తరఫునా నివాళిలా ఉంటుందని." పుస్తకం పేరేమిటని అడిగాను. చెప్పాడు. చివరిదాకా చదివావా అని అడిగాను. "చదువుతున్నా బాబూ, ఇంకా గంట ఉందిగా. మిగతాది బస్సులో చూస్తా" అన్నాడు. "రండి" అన్నాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇంతకాలం దేవుడిగా చేసి నేర్చుకున్నది అదొక్కటే.

విడి కథని అతకడం నేర్పిన మాట నిజమే. ఎవరో ఎక్కడో తమకి తెలియని వీరుల కోసం రాసి అచ్చువేసిన కథ అది, దానికి ముందూ వెనకా ఉండవు, ఒక సాయంత్రం మొదలై ఆ సాయంత్రమే అయిపోతుంది. దాన్ని మన లోకంలోకి తెచ్చుకోవాలంటే ముందు పటంలో ఖాళీ వెతకాలి, ఎప్పుడూ ఎవరూ అడుగుపెట్టని లోయో, పేరు మాత్రమే విన్న రేవో. వాళ్ల ఊరి పేరు తీసి మన ఊరి పేరు పెట్టాలి, వాళ్ల దేవుళ్ల బదులు మన దేవుళ్లు రావాలి. రాక్షసులు మనవాళ్ల బలానికి మరీ ఎక్కువైతే తగ్గించాలి. సత్రంలో అపరిచితుడెవడో వచ్చి సాయం అడిగితే వీరులు వెళ్లరు, ఆవలిస్తారు, అంచేత ఆ అపరిచితుణ్ణి కొట్టేసి, ఎప్పుడో మనం ప్రాణం కాపాడిన కమ్మరి కూతుర్ని అక్కడ కూర్చోబెట్టాలి. ఇవన్నీ ఒగ్న్యాన్ చక్కగా చేసి ఉంటాడు, పన్నుకి తొడుగు వేసినట్టు, అంచు తెలియకుండా. నేను అన్నిటికంటే ముందు చెప్పేదొకటుండేది, పుస్తకం చివరి పేజీ చదివాకే మొదటి పేరు మార్చమని. అది విన్నట్టు లేదు. విన్నాడేమో, మరిచిపోయాడు. జనం తమకి పనికొచ్చే సగమే గుర్తుపెట్టుకుంటారు, దీనికి కోపం తెచ్చుకోవడం ఎందుకు, గిన్నె మీద పళ్లెం మూస్తూ అనుకున్నాను. కోపం వచ్చింది. పళ్లెం గట్టిగా తగిలి టక్కుమంది.

ఆ పుస్తకం నాకు తెలుసు. పాతది, మళ్లీ అచ్చువేసినట్టున్నారు. సోఫియాలో చదువుకునే రోజుల్లో, ఒగ్న్యాన్ వీళ్లెవరూ లేనప్పుడు, వసతిగృహం వంటగదిలో నేను మొట్టమొదట నడిపిన కథ అదే. పొయ్యి మీద ఎవరిదో క్యాబేజీ ఉడుకుతోంది. ఒక కుర్రాడి వెంట వచ్చింది నెవేనా, ఫార్మసీ చదివేది, నెమ్మదైన గొంతు, ఆడతావా అంటే చూస్తానంది, చూస్తూ చూస్తూ ఆడింది. చివరి పేజీ నాకిప్పటికీ నోటికి వచ్చు. సమాధి పలక పక్కకి జరుగుతుంది. లోపలి స్త్రీ లేచి నిలబడుతుంది. ఆమె ఎవరినీ గుర్తుపట్టదు. ఆ తర్వాత ఆమె బలమెంత, ఎన్ని దెబ్బలకి కూలుతుంది, గోళ్లు తగిలితే ఏమవుతుంది, అవి అంకెలు. అందరూ కత్తులు దూశారు. నెవేనా మాత్రం ఆమెతో మాట్లాడతానంది. మాట్లాడే శవం కాదన్నాడు ఆ కుర్రాడు. "ఎవరమ్మా నువ్వు, ఎవరి బిడ్డవి?" అని అడిగింది, నన్నే చూస్తూ. పుస్తకంలో జవాబు లేదు. విడి కథలో చచ్చినవాళ్లకి అమ్మానాన్నలుండరు. నోటికి వచ్చింది చెప్పాను, రేవు కాటికాపరి కూతుర్ని, పేరు కలూదా, మూడు తూముల సత్రంలో గిన్నెలు తోమేదాన్ని. అక్కడితో సత్రం పుట్టింది, రేవు పుట్టింది, రేవు మీద సుంకం వేసిన రాజు పుట్టాడు. క్యాబేజీ మాడింది. మరుసటి వారం నెవేనా వచ్చి, "చావడం అయిపోయిందిలే, ఇంక ఆవిడ్ని నేను ఆడతా" అంది. పెద్ద కథలో విడి కథ అతికామని అందరూ అనుకుంటారు. మాకు అతుకే ముందు పుట్టింది, దాని చుట్టూ బట్ట నేశాం, నేతలో పెళ్లి కూడా అయింది. ఆ సమాధిలోంచి మా నెవేనా చెయ్యిపట్టి లాక్కొచ్చిన మనిషిని ఇవాళ సాయంత్రం మళ్లీ అందులోనే పడుకోబెడతాడు ఒగ్న్యాన్, నివాళిగా. ఆమె లేస్తుంది. ఎవరినీ గుర్తుపట్టదు. మాతో ఆడే ప్లామెన్ పాచికలు ఊపి బల్ల మీద కొట్టి, పడింది చూడు దెబ్బ, అని అరుస్తాడు. అతనికి ఏ శవమైనా ఒకటే, దాన్యూబ్ రేవులో క్రేను నడిపినవాడు, బరువు ఎంతన్నదే చూస్తాడు.

కిటికీ తీశాను. ఎదురుగా లిండెన్ చెట్టు పూత విరగబూసి వీధంతా తేనె కాచినట్టు వాసన. దాన్యూబ్ మీద పడవ ఏదో కూసింది. కింద మా భవనం తలుపుకి పొద్దున నేనే అంటించిన నల్ల అంచు కాగితం, నెవేనా ఫోటో, ఆమె పోయి ఆరు నెలలు నిండాయన్న మాట. నేను జిగురు మాత్రమే రాశాను, గాలికి ఒక మూల లేచిపోతుందని కింది అంతస్తు త్సొనా అవ్వ పిన్నులు తెచ్చి గుచ్చింది, గుచ్చుతూ ఫోటోలో మొహానికి తగలకుండా పక్కకి జరిపింది. వచ్చేవాళ్లు ముగ్గురూ ఆ తలుపు తోసుకునే రావాలి. చేత్తో ఎక్కడ తోస్తారో.

వీళ్లు చెడ్డవాళ్లు కారు. అదే చిక్కు. చెడ్డవాళ్లయితే సుఖంగా తిట్టుకోవచ్చు. చావు కబురు విన్నప్పుడు ప్లామెన్ ఫోనులో ఏడ్చాడు. పూలు వచ్చాయి, దండ మీద మా వీరుల పేర్లతో రిబ్బను కూడా. కానీ అంతకుముందు, ఆకురాలే రోజుల్లో, నెవేనాకి కూర్చోవడం కష్టమై లోపలి గదిలో పడుకుంటే, ఆట ఆపకు, నాకు గోడవతల నవ్వులు వినపడాలి అంటే, నేను ఆట ఆపలేదు. కలూదాకి జ్వరం, సత్రంలో మేడమీద పడుకుంది, మీరు వెళ్లండి అన్నాను వాళ్ల వీరులతో. సరేనన్నారు. చిత్తడి నేలలు దాటి ఏవో చంపి వచ్చారు. మళ్లీ సత్రానికి వచ్చినప్పుడు ఒగ్న్యాన్ కత్తికి సాన పట్టించుకున్నాడు, ప్లామెన్ సత్రం పిల్లతో పరాచికాలాడాడు, "ఈ సత్రంవాడు మేడ గదికి అద్దె బాగా గుంజుతున్నాడయ్యా" అని నవ్వించాడు, స్నెజీనా మూలికలు కొంది. స్నెజీనా వీరుడు గెరాసిం అనే సాధువు, వైద్యుడు, చెయ్యి వేస్తే గాయం మానుతుంది. నేను కావాలనే అడుగుతుండేవాణ్ణి, రాత్రికి ఏం చేస్తారు, ఎక్కడికి వెళ్తారు, చిక్కుడుగింజల సూపు ఉడుకుతోంది, మెట్లు పక్కనే ఉన్నాయి. పొయ్యి దగ్గర కూర్చుంటాం అనేవారు. మా ఆటలో కొండ ఎక్కాలంటే పాచికలు వెయ్యాలి, గోడ ఎక్కాలంటే వెయ్యాలి. మెట్లెక్కడానికి అక్కర్లేదు. గోడవతల నెవేనా అన్నీ వింటూనే ఉంది. వాళ్లు వెళ్లాక నేను లోపలికి వెళ్తే, "పైకి ఎవరూ రాలేదేం?" అనేది, కలూదా గొంతుతో కాదు, తన గొంతుతోనే, నవ్వుతూనే. వాళ్లు తొందరలో ఉన్నారు అనేవాణ్ణి. "కలూదా అయితే బూతులు తిట్టేది" అనేది. ఫార్మసీలో పాతికేళ్లు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి బల్ల దగ్గర కూర్చుంటే కాటికాపరి కూతురి నోరు తెరిచేది, మోచెయ్యి బల్ల మీద పెట్టి గడ్డం ముందుకి తోసి. అంత నోరు ఎక్కడ దాచుకునేదో.

తర్వాత ఆసుపత్రి. మూడో అంతస్తు, నదివైపు కిటికీ. అక్కడికీ ఎవరూ రాలేదు. ఏం మాట్లాడాలో తెలియదని, చూడలేమని, మా నెవేనాని మామూలుగానే గుర్తుంచుకుంటామని సందేశాలు. అదే ఆసుపత్రి కింది అంతస్తులో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది స్నెజీనా. ఒకరోజు వాన, నేను వేడినీళ్ల కోసం బయటికి వస్తే నడవా మలుపులో గోడకి ఆనించిన ఆకుపచ్చ గొడుగు, నీళ్లు కారుతూ. నీళ్లు పట్టుకుని వచ్చేసరికి లేదు, నేల మీద తడి మాత్రం. ఎవరికీ చెప్పలేదు. చివరి రోజుల్లో కాలేయం మెదడుకి విషం పంపింది. ఒక మధ్యాహ్నం నెవేనా లేచి కూర్చుంది, ఎన్నాళ్లుగానో తలగడ మీంచి తల ఎత్తని మనిషి నిటారుగా కూర్చుని, నన్ను చూసి, "ఎవడ్రా నువ్వు? నా మూట ఎత్తుకుపోదామనా?" అంది. మొహం ఆమెదే. కళ్లు నా మీదే. నేను పేరు చెప్పాను. గోళ్లతో గీరి నా చేతిని విసిరికొట్టింది. నర్సమ్మ, పొట్టి మనిషి, చల్లగా తగలకూడదని స్టెతస్కోపు అరచేతిలో రుద్ది వెచ్చబెట్టేది, ఆ నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఇది ఆవిడ కాదు, రోగం మాట్లాడుతోంది, మనసులో పెట్టుకోకండి అంది. పెట్టుకోలేదు. అది కలూదా అనుకున్నాను. కలూదా అయితే అలాగే అంటుంది, ఆట ఆడుతోంది, కాసేపట్లో గడ్డం దించి నవ్వుతుంది. నవ్వలేదు. ఆ చివరి పేజీ నేను ఒకసారి ఆడేశాను, ఒగ్న్యాన్, ఒంటరిగా, పాచికలు లేకుండా. అంకెలన్నీ నాకు తెలుసు.

ఫోను చేసి చెప్పవచ్చు. చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ వద్దని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి, ఎందుకో చెప్పాలంటే ఆ మధ్యాహ్నం చెప్పాలి, ఆరు నెలల్లో ఒక్కరూ అడగని దాన్ని బస్సులో కూర్చున్న మనిషి చెవిలో పొయ్యాలి. అతను క్షమించమంటాడు, ఎంతో మర్యాదగా, ఊరూపేరూ లేని మనిషినే పెడతానంటాడు, ఆ సాయంత్రమంతా నన్ను పగిలిన గాజులా చూస్తారు. ఆ తర్వాత రారు. లేదంటే నోరుమూసుకుని కూర్చుని, మా బల్ల మీద ఆమె లేవడం, ఎవరినీ గుర్తుపట్టకపోవడం, కూలడం చూడాలి. మరి తప్పు వాళ్లదేనా, కలూదా బతికుందో లేదో నేనైనా ఎప్పుడు చెప్పాను? మేడమీద ఉంది అన్నాను, అంతే. పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున నెవేనా పేరు చెప్పి గోధుమలు పంచిన నోరే. కింద తలుపు కాగితం ఒకమాట చెబుతోంది, పైన నేను ఇంకోమాట దాచాను.

గంట మోగింది.

ప్లామెన్ ముందు, చేతిలో బీరు సీసాలు, పొద్దుతిరుగుడు గింజల పొట్లం. వెనక స్నెజీనా, చీజు పొరల రొట్టె ఇంకా వేడిగా, గుడ్డలో చుట్టి. ఒగ్న్యాన్ చంకలో పుస్తకం. "కింద ఫోటో బావుంది" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక. గోధుమల గిన్నె తెరిచాను. తలా ఒక చెంచా తీసుకుని దేవుడు క్షమించుగాక అన్నారు, ప్లామెన్ రెండోసారి తీసుకుని, "మా వదిన చేసినట్టే చేశావన్నా, పంచదార కాస్త ఎక్కువే" అన్నాడు. అది మంచి మాట. ఒకందుకు అన్నా ఇంకొకందుకు అన్నా మంచి మాటే.

ఒగ్న్యాన్ నా కుర్చీలో, నా కాగితాలు ఆడేవాళ్లకి కనపడకుండా పెట్టుకునే అట్ట తెర వెనక కూర్చున్నాడు. నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. అది నెవేనాదని వాళ్లకి తెలుసు.

"నీకో వీరుడు కావాలిగా దేవుడా" అన్నాడు ఒగ్న్యాన్. "కాపలా సిపాయినొకణ్ణి తయారుచేసి తెచ్చా. ఉత్త మొద్దు. నీకేం శ్రమ ఉండదు."

"అక్కర్లేదు. నేను కలూదాని ఆడతా."

ప్లామెన్ నోట్లో గింజ కొరకడం ఆపాడు. ఒగ్న్యాన్ నావైపు చూసి, పుస్తకం వైపు చూసి, వెనక పేజీలు తిప్పాడు. బస్సులో చదవలేదని అప్పుడు తెలిసింది, ఎందుకంటే ఇప్పుడు చదువుతున్నాడు, పెదవులు కదుపుతూ, మెల్లిగా రంగు మారుతూ. "ఆవిడ్ని నేను... ఇందులో ఇంకోచోట..." అన్నాడు.

"ఎక్కడ?" అంది స్నెజీనా.

"మేడమీదే ఉంది. నువ్వు మొదలుపెట్టవయ్యా, సత్రంలోనే కదా మొదలు" అన్నాను.

గొంతు సవరించుకున్నాడు. "మీరు సత్రంలో కూర్చుని ఉన్నారు. బయట వాన" అని చదివాడు. విడి కథలన్నిటికీ మొదట వానే.

"మెట్ల మీద చప్పుడు" అన్నాను. నా మోచెయ్యి బల్ల మీదకి వెళ్లింది, గడ్డం ముందుకి వెళ్లింది, నేను పంపలేదు. "ఏరా దొంగసచ్చినోళ్లారా, బతికే ఉన్నారూ? జ్వరంతో మనిషిని మేడమీద పారేసి ఇన్నాళ్లూ పొయ్యి దగ్గర కాళ్లు కాచుకున్నారు గదరా. ఒక్కడన్నా గిన్నెడు సూపు పట్టుకుని ఆ మెట్లెక్కాడంట్రా? సానలు పట్టించుకోడానికి తీరిక, పరాచికాలకి తీరిక. ఏమయ్యా సాధువూ, అందరి గాయాలూ మాన్పుతావు, నీ కాళ్లకేమొచ్చింది?"

వంటింట్లో ఫ్రిజ్ గురక పెట్టి ఆగింది. స్నెజీనా గెరాసిం కోసం గొంతు బొంగురు చేస్తుంది ఎప్పుడూ. ఇప్పుడు చెయ్యలేదు.

"ఏం మాట్లాడాలో తెలియలేదు" అంది. దేవుడా అని కాక నా పేరు పెట్టి, "ఆసుపత్రి నడవా దాకా వచ్చాను, ల్యుబేన్" అంది.

"గొడుగు చూశాను."

అది కలూదా అందో నేనన్నానో తెలియదు. "సూపు ఇవ్వడానికి మాటలెందుకే?" అన్నది మాత్రం కలూదానే.

స్నెజీనా కళ్లు తుడుచుకోలేదు, చేతుల్లో పాచికలున్నాయి, వాటిని అలాగే పట్టుకుంది. "గెరాసిం వంటింట్లోకి వెళ్తాడు" అంది ఒగ్న్యాన్‌తో. "గిన్నెలో సూపు పోసుకుని వస్తాడు. ఆవిడ ముందు పెడతాడు. పాచికలు వెయ్యాలా?"

ఒగ్న్యాన్ వేలు ఇంకా చివరి పేజీలోనే ఉంది. పుస్తకం మూసి, వేలు బయటికి తీసుకున్నాడు. "దీనికి అక్కర్లేదు" అన్నాడు.

ముగ్గురూ నా మొహంలోకి చూస్తున్నారు.

కలూదా గిన్నె దగ్గరికి లాక్కుంది. వేలు ముంచి చూసింది. "చల్లారిపోయింది" అంది.

తర్వాత, చెంచా ఏదని అడిగింది.